బొగ్గు ఇంజన్ల ఊళ్ళో డీజిల్ షంటర్: కిడ్డర్‌మిన్‌స్టర్, లీడ్స్, హావర్త్ యాత్ర

ఇంగ్లండ్‌లో హెరిటేజ్ రైల్వేలు, అంటే పాత రైళ్ళనూ లైన్లనూ కాపాడి నడిపే రైల్వేలు, చూసొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పేది బొగ్గు ఇంజన్ల గురించే. పొగ, కూత, చెక్క తలుపుల పెట్టెలు, పచ్చటి లోయలు. అవన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ పొద్దున్నే ఆ పెట్టెల్ని సైడింగ్ అనే పక్క పట్టాల మీంచి లాగి, వరసగా కూర్చి, ప్లాట్‌ఫారం మీదికి తెచ్చిపెట్టేది చాలాచోట్ల ఒక పొట్టి డీజిల్ ఇంజన్, దాన్నే షంటర్ అంటారు. దాన్ని నడిపేది, విప్పేది, మళ్ళీ బిగించేది పైసా జీతం తీసుకోని వలంటీర్లు. ఈసారి మా తిరుగుడు వాళ్ళను చూడ్డానికే. సెవర్న్ వ్యాలీ రైల్వే, లీడ్స్‌లోని మిడిల్టన్ రైల్వే, యార్క్‌షైర్ కొండల్లోని కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వే - ఈ మూడింటికీ వెళ్ళాం. మూడూ మూడు రకాలు.

బర్మింగ్‌హామ్‌లో మా బావమరిది ఉంటాడు కాబట్టి మొదటి మజిలీ కిడ్డర్‌మిన్‌స్టర్. మూర్ స్ట్రీట్ స్టేషన్లో లోకల్ రైలు ఎక్కితే గంటలోపే చేరుకోవచ్చు. దిగి బయటికి రాగానే పక్కనే సెవర్న్ వ్యాలీ వాళ్ళ స్టేషన్. ఎర్ర ఇటుకల భవనం చూసి నూట యాభై ఏళ్ళ నాటిదనుకుంటాం గానీ, పాత గ్రేట్ వెస్టర్న్ రైల్వే కంపెనీ పద్ధతిలో 1980లలో కట్టింది. నకలే, అయినా మనసుపెట్టి కట్టిన నకలు. పక్కనే చిన్న రైల్వే మ్యూజియం, స్టేషన్లోనే పబ్బు ఉన్నాయి. రైలు ఆలస్యమైనా విసుగు రాదు.

ఈ లైను కిడ్డర్‌మిన్‌స్టర్ నుంచి బ్రిడ్జ్‌నార్త్ దాకా 16 మైళ్ళు. 1963లో బ్రిటిష్ రైల్వే ప్రయాణికుల రైళ్ళు ఆపేశాక, 1965లో కొందరు అభిమానులు సొసైటీ పెట్టి, 1970లో ఒక ముక్క తెరిచి, 1984కి కిడ్డర్‌మిన్‌స్టర్ దాకా వచ్చారు. రైలు గంటకు 25 మైళ్ళు దాటదు. బ్రిటన్ హెరిటేజ్ రైల్వేల్లో సాధారణంగా అదే హద్దు. ఊరు దాటగానే ఎడమా కుడీ చూస్తూ ఉండండి, పక్కనే సఫారీ పార్కు. అదృష్టం బాగుంటే కిటికీలోంచి ఏనుగులు కనిపిస్తాయి. ఆర్లీ దగ్గర నది మీద విక్టోరియా బ్రిడ్జి వస్తుంది. 1861 నాటి పోత ఇనుప వంతెన, 200 అడుగుల ఒకే కమాను. దీన్ని డిజైన్ చేసిన జాన్ ఫౌలరే తర్వాత స్కాట్లండ్‌లో ఫోర్త్ బ్రిడ్జి పనిలో ఉన్నాడు. హైలీలో దిగితే ఇంజన్ హౌస్ అనే ప్రదర్శనశాల. పిల్లలు ఉంటే అక్కడ బాగానే కాలక్షేపం అవుతుంది. నాకు మాత్రం వరసలో నిలబెట్టిన ఇంజన్ల కన్నా, పని జరిగే చోటు చూడాలని ఆత్రం.

ఆ పని జరిగేది కిడ్డర్‌మిన్‌స్టర్‌లోనే. 2016లో ఇక్కడ డీజిల్ ఇంజన్ల కోసమే ఒక డిపో కట్టారు. హెరిటేజ్ రైల్వేల్లో చాలాచోట్ల డీజిల్ ఇంజన్లు ఎండకీ వానకీ బయటే పడి ఉంటాయి, మరమ్మతులు కూడా ఆరుబయటే. ఇక్కడ కప్పు ఉంది, ఇంజన్ కింద దూరి పనిచేసే పిట్ ఉంది. మామూలు టికెట్‌తో లోపలికి వెళ్ళనివ్వరు. మా బావమరిది పక్కింటాయన అక్కడ వలంటీరు కావడం మా పుణ్యం. "బావా, వారం మధ్యలో రమ్మంటున్నాడు. శని, ఆదివారాలైతే రైళ్ళ హడావుడిలో మాట్లాడే తీరిక ఉండదట" అన్నాడు.

గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, వచ్చిన టైము రాయించారు. నారింజ రంగు జాకెట్ ఇచ్చారు. స్పోర్ట్స్ షూతో పిట్ దగ్గరికి రానివ్వరు, ముందు ఇనుము ఉన్న బూట్లు ఉండాల్సిందే. ఆ రోజు పిట్ మీద ఉన్నది క్లాస్ 08 షంటర్. చక్రాల కింద చెక్క దిమ్మెలు, ముందూ వెనకా 'కదిలించరాదు' అన్న బోర్డు, బ్యాటరీ స్విచ్ ఆఫ్. బోర్డు పెట్టినవాళ్ళే తీయాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. జీతం లేని పనే అయినా ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. నాకు అక్కడ మొదట నచ్చింది అదే.

ఈ క్లాస్ 08 గురించి కాస్త చెప్పాలి. 1952 నుంచి 1962 దాకా బ్రిటిష్ రైల్వే తన సొంత వర్క్‌షాపుల్లో ఈ రకం ఇంజన్లు 996 తయారుచేసింది. బ్రిటన్‌లో ఇంకే రకం ఇంజనూ ఇన్ని లేవు. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్, 350 హార్స్‌పవర్. ఇప్పటి పెద్ద లారీల్లో ఇంతకన్నా ఎక్కువ పవర్ ఉంటుంది. కానీ దీని లాగుడు బలం 35,000 పౌండ్లు. కిటుకంతా గేర్లలో ఉంది. డీజిల్ ఇంజన్ జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటు రెండు మోటార్లకు వెళ్తుంది, మోటారు దాదాపు ఇరవై నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. మిగతా చక్రాలను పక్కనున్న రాడ్లు కలుపుతాయి. అందుకే వేగం గంటకు 15, 20 మైళ్ళకు మించదు, బరువు మాత్రం ఎంతైనా కదుపుతుంది. ఇంకో తిప్పలూ ఇక్కడినుంచే. వేరే ఇంజన్ వెనక తగిలించి వేగంగా లాక్కుపోతే ఆ మోటార్లు హద్దు మీరి తిరిగి పాడైపోతాయి. దూరం తీసుకెళ్ళాలంటే చాలాసార్లు లారీ మీద ఎక్కించడమే దారి. రైలింజన్ రోడ్డు మీద ప్రయాణం చేయడం విడ్డూరమే.

మేం వెళ్ళేసరికి మోటారు బ్రష్‌లు, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, చూస్తున్నారు. పిట్‌లోకి దిగిన అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. మోటారు మూత విప్పి, టార్చి వేసి, కార్బన్ బ్రష్‌లు ఒక్కొక్కటే బయటికి తీసి స్కేలుతో కొలిచి పుస్తకంలో రాస్తోంది. అరిగిపోయి హద్దుకు దగ్గరపడిందాన్ని పక్కన పెట్టింది. తర్వాత నన్ను వంగి లోపలికి చూడమంది. ఆ బ్రష్‌లు రాసుకునే గుండ్రటి రాగి కమ్యుటేటర్ మీద చాక్లెట్ రంగు పొర. మురికి పట్టిందనుకుని, దీన్ని తుడవరా అని అడిగాను. నవ్వి, "ఆ పొర ఉంటేనే ఆరోగ్యం. తళతళా మెరుస్తోందంటే బ్రష్‌లు సరిగ్గా కూర్చోలేదని అర్థం. నల్లటి మచ్చలు పడితే నిప్పురవ్వలు లేస్తున్నట్టు" అంది. తుడవాల్సింది రాగిని కాదు, చుట్టూ పేరుకున్న కార్బన్ పొడిని. ఆ పొడి తేమతో కలిస్తే కరెంటు దారి తప్పుతుంది. వ్యాక్యూమ్ క్లీనర్‌తో మెల్లగా పీల్చేసింది.

పైన ఇంకో ఇద్దరు బ్రేక్ బ్లాకులు మారుస్తున్నారు. పోత ఇనుము ముక్కలు, ఒక్కడు ఎత్తితే నడుం పట్టేస్తుంది. పిన్ను బిగుసుకుపోయి రావట్లేదు. నూనె పోశారు, సుత్తితో కొట్టారు, టీ తాగొచ్చి మళ్ళీ కొట్టారు. అప్పుడు వచ్చింది. యూట్యూబ్ వీడియోల్లో ఈ భాగం కత్తిరించేస్తారు గానీ, మరమ్మతుల్లో సగం టైము ఇలాంటి పిన్నులకే పోతుందట. బ్లాకు మారిస్తే సరిపోదు, బ్రేకు రాడ్ల పొడవు మళ్ళీ సర్దాలి. లేకపోతే గాలి పిస్టన్ చివరిదాకా వచ్చేసినా బ్లాకు చక్రాన్ని తాకదు.

చివర్లో స్టార్ట్ చేసి చూపించారు. చాలా రోజులు ఆగి ఉన్న తర్వాత నేరుగా బటన్ నొక్కరు. సిలిండర్లకుండే కుళాయిల్లాంటి కాక్‌లు తెరిచి, కడ్డీతో ఇంజన్‌ను చేత్తో తిప్పుతారు. ఎక్కడైనా నీళ్ళు దిగి ఉంటే కాక్ లోంచి బయటికి వస్తాయి. నీళ్ళు లోపల ఉండగా స్టార్ట్ చేశారంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. నీళ్ళు రాలేదు. కాక్‌లు మూశారు, బోర్డులు తీశారు, బ్యాటరీ స్విచ్ వేశారు. దీనికి విడిగా స్టార్టర్ మోటారు లేదు. బ్యాటరీ కరెంటు జనరేటర్‌కే ఇస్తే అదే మోటారై ఇంజన్‌ను తిప్పుతుంది. బద్ధకంగా నాలుగు మూలుగులు, తెల్లటి పొగ, ఆ తర్వాత వడ్లు దంచుతున్నట్టు నిదానంగా దబ్... దబ్... ఇక కదలొచ్చనుకుంటే అదీ లేదు. కంప్రెసర్ గాలి నింపి గేజ్ ముల్లు గీత దాటేదాకా బ్రేకు వదలరు. అయినా మొత్తం కలిపి కాసేపే. బొగ్గు ఇంజన్ అయితే చల్లగా ఉన్నదాన్ని వేడెక్కించి స్టీమ్ రప్పించడానికి గంటలు గంటలు. పొద్దున్న నాలుగు పెట్టెలు అటూ ఇటూ మార్చడానికి అంత బొగ్గు ఎవరు తగలేస్తారు? షంటర్ లేకపోతే టైమ్‌టేబుల్ లేదు.

అదే డిపోలో మాట్లాడుకుంటుంటే హైడ్రోజన్ ప్రస్తావన వచ్చింది. ఇదే రైల్వేలో ఒక క్లాస్ 08 నుంచి డీజిల్ ఇంజన్ తీసేసి, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీతో కలిసి హైడ్రోజన్ నుంచి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌తో నడిచేలా మార్చే పని పెట్టుకున్నారు. పాతవి కాపాడటానికి పుట్టిన రైల్వే ఇలాంటి ప్రయోగం చేయడం నాకు భలే నచ్చింది. మా బావమరిది పక్కింటాయనకు అంతగా నచ్చినట్టు లేదు. "ఆ చప్పుడు లేకపోతే దాని దగ్గరికి ఎవరొస్తారు?" అన్నాడు. ఆయన చెప్పిన అసలు బెంగ వేరు. డీసీ మోటార్లు, పాత కంట్రోల్ గేర్ చేత్తో చూసి పట్టుకోగలిగిన తరం వయసు మీదపడుతోంది. పదహారేళ్ళ లోపు పిల్లల్ని ఇలాంటి పనుల్లోకి తీసుకోకుండా 1920 నాటి చట్టం ఒకటి అడ్డు పడుతోందని బ్రిటన్ పార్లమెంటులో కూడా చర్చ జరిగింది. ఆ చట్టం వచ్చింది ఫ్యాక్టరీల్లో పిల్లల్ని పీడించకుండా ఉండటానికి. శనివారం పానా పట్టుకుని నేర్చుకుందామని వచ్చే కుర్రాడికి అది ఆటంకమవుతోంది.

బస సంగతి. మొదటి రాత్రి కిడ్డర్‌మిన్‌స్టర్‌లో దిగిన హోటల్ పేరు చెప్పను. స్టేషన్‌కు నడిచే దూరం అన్నది తప్ప మెచ్చుకోవడానికేం లేదు. రోడ్డు వైపు కిటికీ సరిగ్గా మూసుకోదు, రాత్రంతా లారీలే. ఆ తర్వాత బ్యూడ్లీకి మారాం. రైలు లైను మీదే, తర్వాతి పెద్ద స్టేషన్. సెవర్న్ నది ఒడ్డున చిన్న ఊరు, 1798లో థామస్ టెల్ఫర్డ్ కట్టిన రాతి వంతెన, నది పక్కనే పాత ఇళ్ళు. బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లో గది చిన్నది, మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు ఊసే లేదు. అయినా రెండింటిలో ఏది అంటే బ్యూడ్లీయే. వానాకాలంలో, చలికాలంలో వెళ్ళేవాళ్ళు నది ఒడ్డు గది తీసుకునే ముందు ఆలోచించుకోండి, ఇక్కడ వరదలు మామూలే. రాత్రి తొమ్మిది దాటితే పబ్బుల్లో వంటగది కట్టేస్తున్నారు, కాబట్టి తిండి సంగతి ముందే చూసుకోవాలి. ఆఖరి స్టీమ్ రైలు సాయంత్రమే అయిపోతుంది. టాక్సీ అప్పటికప్పుడు దొరకదు, పొద్దున్నే చెప్పి ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

అక్కడినుంచి లీడ్స్. మిడిల్టన్ రైల్వే గురించి చాలా యాత్రాకథనాల్లో ఒక లైనుతో సరిపెడతారు, ఎందుకంటే ప్రయాణం మహా అయితే ఒక మైలు. మూర్ రోడ్ స్టేషన్ చుట్టూ ఫ్యాక్టరీ షెడ్లు, మోటర్‌వే రొద. అందం కోసం వెళ్ళేవాళ్ళు నిరాశపడతారు. కానీ చరిత్ర తెలిస్తే కదలబుద్ధి కాదు. బొగ్గు గనుల కోసం 1758లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన లైను ఇది. 1812లో జాన్ బ్లెంకిన్‌సాప్ రూపొందించిన పళ్ళ పట్టా మీద, మాథ్యూ మర్రీ తయారుచేసిన స్టీమ్ ఇంజన్లు ఇక్కడ బొగ్గు లాగాయి. వ్యాపారంగా గిట్టుబాటైన మొదటి స్టీమ్ ఇంజన్లు అవే.

నన్ను పట్టుకున్నది మాత్రం 1960. ఆ జూన్‌లో లీడ్స్ యూనివర్సిటీ విద్యార్థులూ, ఇంకొందరు అభిమానులూ కలిసి ఇక్కడ ప్రయాణికుల రైలు నడిపారు. స్టాండర్డ్ గేజ్‌లో, అంటే మామూలు పెద్ద రైళ్ళ వెడల్పు పట్టాల మీద, వలంటీర్లు నడిపిన మొదటి రైల్వే ఇదే. ఆ రైలును లాగింది స్టీమ్ ఇంజన్ కాదు, పక్క వీధిలోని హన్‌స్లెట్ కంపెనీ 1930ల మొదట్లో తయారుచేసిన డీజిల్ షంటర్ 'జాన్ ఆల్కాక్'. వెనక తగిలించింది వేల్స్‌లో అప్పుడే మూతపడిన స్వాన్సీ అండ్ మంబుల్స్ లైను నుంచి తెచ్చిన డబుల్ డెక్కర్ ట్రామ్ పెట్టె. అంటే ఇవాళ స్టీమ్ పేరు మీద నడిచే ఈ ఉద్యమానికి పెద్ద పట్టాల మీద కొబ్బరికాయ కొట్టింది డీజిల్ షంటరే! ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ వలంటీర్లు చుట్టుపక్కల ఫ్యాక్టరీల సరుకు కూడా మోశారు.

ఇక్కడ ఉన్నవి ఎక్కువగా ఫ్యాక్టరీల్లో పనిచేసిన చిన్న షంటర్లు. క్లాస్ 08లు మొత్తం 996 పుట్టాయి, స్పేర్ పార్టులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, ఇప్పటికీ కొన్ని మెయిన్ లైన్ డిపోల్లో పనిచేస్తూనే ఉన్నాయి. వీటికి ఆ సౌకర్యం లేదు. చిన్న గేరు విరిగినా పాత డ్రాయింగ్ వెతికి కొత్తగా చేయించుకోవాలి. మ్యూజియం షెడ్డులో ఒక పెద్దాయన ఫ్యూయల్ పంపు బల్ల మీద విప్పి పెట్టుకుని, అడిగినవాళ్ళకల్లా ఓపిగ్గా చెబుతున్నాడు. ఇంత దగ్గరగా, ఇంత తీరిగ్గా మాట్లాడే అవకాశం పెద్ద రైల్వేల్లో రాదు. రైళ్ళు ఎక్కువగా శని, ఆదివారాల్లోనే, కాబట్టి తేదీ చూసుకుని వెళ్ళండి. సిటీ సెంటర్ నుంచి బస్సు, దిగాక కాస్త నడక. పక్కన బస చేయడానికి ఏమీ లేదు, లీడ్స్ స్టేషన్ దగ్గర గది తీసుకుని పూటలో చూసిరావడం మేలు.

లీడ్స్ నుంచి కీత్లీకి రైళ్ళు తరచుగా ఉన్నాయి, అరగంట లోపే. అదే స్టేషన్లో పక్క ప్లాట్‌ఫారం మీద వర్త్ వ్యాలీ రైలు నిలబడి ఉంటుంది. బస్సు మారే పని లేదు. లైను 5 మైళ్ళు, ఆక్సెన్‌హోప్ దాకా అంతా ఎక్కుడే. 1968 జూన్ 29న వలంటీర్లు తిరిగి తెరిచారు. ఎగువకు వెళ్ళేటప్పుడు ఇంజన్ వెనక మొదటి పెట్టెలో కూర్చుని ఆ ఆయాసం వినాలి. ఓక్‌వర్త్ స్టేషన్లో గ్యాస్ దీపాలు చూడాలి. రోజంతా ఎక్కి దిగే టికెట్ తీసుకుంటేనే గిట్టుబాటు. అందం లెక్కన మూడింటిలో ఇదే మొదటిది, సందేహం లేదు.

డీజిల్ షంటర్ లెక్కన చూస్తే చేతికందని చోటు. హావర్త్ షెడ్డు కంచె అవతలే, బయటినుంచి చూసి తృప్తిపడాలి. 1956లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ వాళ్ళు బ్రిటిష్ రైల్వేకి అమ్మజూపడానికి నమూనాగా చేసిన 500 హార్స్‌పవర్ షంటర్ ఒకటి ఈ రైల్వేలోనే ఉంది. అందరూ స్టీమ్ ఇంజన్ ఫొటో తీసుకునే తొందరలో దాన్ని దాటుకుని పోతున్నారు. నవలలు రాసిన బ్రాంటీ అక్కచెల్లెళ్ళ ఇల్లు, రాళ్ళు పరిచిన వీధి ఉండటంతో హావర్త్‌లో సెలవు రోజుల్లో జనం తాకిడి ఎక్కువ. గెస్ట్ హౌస్ ఆవిడ మంచి మనిషి, టిఫిన్ బ్రహ్మాండం. కానీ స్టేషన్ కింద, ఊరు పైన. సూట్‌కేసుతో ఆ ఎక్కుడు ఎక్కాక మా బావమరిది "బావా, ఇక్కడ కూడా ఒక షంటర్ పెట్టాల్సింది" అన్నాడు.

రైల్వే ఎంచుకునేవాళ్ళకు నా మాట. ఒక్క రోజే ఉందా, కుటుంబంతో వెళ్తున్నారా, వర్త్ వ్యాలీకి వెళ్ళండి. ఇంజన్ల పిచ్చి ఉంటే సెవర్న్ వ్యాలీకి రెండు రోజులు కేటాయించండి. డీజిల్ గాలా అని ఏడాదిలో ప్రత్యేకంగా నడిపే రోజులుంటాయి, అప్పుడు డీజిల్ రైళ్ళు ఎక్కడానికి బాగుంటుంది గానీ, వలంటీర్లకు ఊపిరాడదు, మాటలు కుదరవు. పనివాళ్ళతో మాట్లాడాలంటే మిడిల్టన్‌కు మించింది లేదు. చలికాలంలో వీటిలో ఏదీ రోజూ నడవదు. లైను మరమ్మతుల వల్ల కొంత భాగం మూసి ఉండొచ్చు కూడా, బయల్దేరే ముందు టైమ్‌టేబుల్ చూడండి. కొన్నిచోట్ల టికెట్ కౌంటర్లో గిఫ్ట్ ఎయిడ్ కావాలా అని అడుగుతారు. మీరిచ్చిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు వాళ్ళకు అదనంగా వస్తాయి. అయితే అది బ్రిటన్‌లో ఇన్‌కమ్ ట్యాక్సో క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్సో కట్టేవాళ్ళకే. మనబోటి టూరిస్టులు వద్దని చెప్పి, ఇవ్వాలనిపిస్తే డబ్బాలో వేయడమే. డబ్బాలు కూడా రకరకాలు, బొగ్గుకొకటి, బాయిలర్‌కొకటి. డీజిల్ షంటర్ పేరున ఉన్నది వెతికి మరీ వేశాం.